పేరుకున్న తీపి, పేరుకోని తీపి

ట్రినిడాడ్‌లో పాతకాలపు మిఠాయిలు అమ్మే బల్లల మీద రెండు కొబ్బరి మిఠాయిలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి షుగర్ కేక్. తెల్లగానో, కాస్త గులాబీ రంగు కలిపో బిళ్ళలుగా పోసి ఉంటుంది. రెండోది టూలమ్. నల్లటి జిగట ఉండ. రెండింటిలోనూ ఉండేది కొబ్బరి తురుము, చెరకు తీపి, కాస్త అల్లం. టూలమ్‌లో నారింజ తొక్క కూడా పడుతుంది. సరుకులు దాదాపు ఒకటే అయినా షుగర్ కేక్ కొరికితే పొడిపొడిగా రాలుతుంది, టూలమ్ పళ్ళకి అంటుకుని సాగుతుంది.

కరీబియన్ మిఠాయిల మీద రాసేవాళ్ళు రంగుల గురించీ, సముద్రం గురించీ, పండగల గురించీ చాలానే రాశారు. నాకు మాత్రం ఈ రెండు మిఠాయిల తేడాలోనే ఆ దీవుల చరిత్ర సగం కనిపిస్తుంది. ఒకదానిలో చక్కెర స్ఫటికంగా పేరుకుంది, రెండోదానిలో పేరుకోలేదు. అది ఎందుకు పేరుకోలేదో, పేరుకోని ఆ తీపి ఎవరి వాటాకి వచ్చిందో చూస్తే మిగతా మిఠాయిల సంగతి కూడా చాలావరకు తెలిసిపోతుంది.

షుగర్ కేక్‌కి పంచదారలో నీళ్ళు పోసి, అల్లం ముక్క వేసి పొయ్యి మీద పెడతారు. గది వేడిమిలో 100 గ్రాముల నీళ్ళు దాదాపు 200 గ్రాముల పంచదారను కరిగించుకుంటాయి. మరిగే వేడికి వచ్చేసరికి అవే నీళ్ళు 480 గ్రాములకు పైగా పట్టుకుంటాయి. నీరు ఆవిరవుతున్నకొద్దీ పాకం మరిగే ఉష్ణోగ్రత పైకి జరుగుతూ పోతుంది. 110 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో తీగ పాకం. అప్పుడు అందులో పంచదార సుమారు 80 శాతం. 115 దగ్గర ఉండ పాకం, 85 శాతం. 150కి చేరితే నీరు దాదాపు లేనట్టే, ఆ పాకం చల్లారితే గాజులా పెళుసుగా విరుగుతుంది. థర్మామీటరు లేని వంటింట్లో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి చూసేది ఈ శాతాలనే.

పాకం వచ్చాక కొబ్బరి తురుము వేసి, ఉడికించి, దించి, గరిటెతో గట్టిగా కలపడం మొదలుపెడతారు. అసలు పనంతా ఈ కలపడంలోనే ఉంది. చల్లారుతున్న పాకం తాను మోయగలిగినదానికంటే ఎక్కువ చక్కెరను మోస్తూ ఉంటుంది. ఆ చక్కెర బయటపడాలంటే ముందు కొన్ని అణువులు ఒక క్రమంలో కూడి చిన్న బీజం కట్టాలి. కదపకుండా వదిలేస్తే నాలుగైదు చోట్ల మాత్రమే బీజాలు పడి, అవే పెరిగి పెద్ద పెద్ద పలుకులవుతాయి. నోట్లో ఇసుకలా తగులుతాయి. గరిటె ఆడిస్తూ ఉంటే ఒకేసారి లక్షల బీజాలు పుడతాయి, ఏదీ పెద్దదయ్యే వీలుండదు. అప్పుడు బిళ్ళ మెత్తగా, పొడిగా వస్తుంది. మెరుస్తూ ఉన్న పాకం ఉన్నట్టుండి మసకబారి తెల్లబడటం కంటికి కనిపిస్తుంది. అది చూసిన వెంటనే గరిటెడు గరిటెడు తీసి, నెయ్యో నూనో రాసిన పళ్ళెంలో వెయ్యాలి. ఫోను మోగిందని అటు వెళితే గిన్నెలోనే గట్టిపడి కూర్చుంటుంది.

ఈ కొబ్బరి అక్కడి చెట్టు కాదు. పదహారో శతాబ్దంలో ఐరోపావాళ్ళ ఓడల్లో వచ్చింది. అట్లాంటిక్ తీరాల కొబ్బరి జన్యువులు హిందూ మహాసముద్రపు కొబ్బరి గుంపువేనని 2011లో వెలువడిన ఒక పరిశోధనలో తేలింది. అంటే కేరళలో, కోనసీమలో పెరిగే చెట్టుకి అది దగ్గరి చుట్టమే.

ఇక టూలమ్. దీని కథ చెప్పాలంటే పొయ్యి దగ్గర నుంచి తోటలోకి వెళ్ళాలి. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో చెరకు హిస్పానియోలా దీవికి చేరింది. ఇవాళ హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్నది ఆ దీవిలోనే. 1640ల నుంచి బార్బడోస్‌లో ఇంగ్లీషువాళ్ళు పెద్ద ఎత్తున చెరకు వేశారు. ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చి ఆ పని చేయించారు. చెరకుతో ఒక చిక్కుంది. నరికిన గడలో సుక్రోజ్, అంటే మనం వాడే పంచదార, ఒక ఎంజైము వల్ల గంటగంటకీ విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే చిన్న చక్కెరలుగా మారిపోతుంది. విడిపోయినది మళ్ళీ పేరుకోదు. నరికాక రోజుల తరబడి ఆపిన చెరకుతో వండిన బెల్లం అచ్చులో సరిగా గట్టిపడదని అనకాపల్లి రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే గానుగ పొలంలోనే ఉండాలి, కోతల నెలల్లో రాత్రింబవళ్ళు తిరగాలి. నిద్రలేక తూలిన మనిషి చెయ్యి గానుగ రోలర్లలో పడితే నరికి మనిషిని లాగడానికి పక్కనే గొడ్డలి పెట్టుకునేవారని ఆనాటి రాతల్లో ఉంది. ఆ ఎంజైము తొందరే తోటల పని గంటలను నిర్ణయించింది. మానవశాస్త్రవేత్త సిడ్నీ మింట్జ్ 1985లో అచ్చైన పుస్తకంలో చెరకు తోటను ఫ్యాక్టరీలకంటే ముందు పుట్టిన ఫ్యాక్టరీగా చూడాలని వాదించింది ఇందుకే.

రసం కాచే గదిలో పెద్దదాని నుంచి చిన్నదాని దాకా రాగి బాణళ్ళు వరుసగా ఉండేవి. రసాన్ని ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి తోడుతూ, కాస్త సున్నం వేసి మడ్డి తీసేస్తూ, చిక్కబరుస్తూ చివరి చిన్న బాణలికి తెచ్చేవారు. దాని పేరు టీచ్. అక్కడ నిలబడ్డ బానిస పనివాడు చిక్కటి పాకాన్ని వేళ్ళ మధ్య సాగదీసి, తీగ ఎంత పొడుగు వచ్చి తెగుతోందో చూసి, ఇక దించొచ్చని చెప్పేవాడు. ఒక్క నిమిషం ముందైతే నీళ్ళ పాకం, ఒక్క నిమిషం తరవాతైతే మాడు. యజమాని ఏడాది ఆదాయమంతా జీతం లేని ఆ మనిషి వేళ్ళ మీద ఆధారపడి ఉండేది.

గట్టిపడుతున్న చక్కెరను అడుగున చిల్లులున్న కుండల్లో, పీపాల్లో పోసి వారాల తరబడి ఉంచేవారు. పేరుకున్నది పైన నిలిచేది, పేరుకోని నల్లటి ద్రవం కిందికి కారేది. అదే మొలాసిస్. పైన నిలిచిన చక్కెర ఓడలెక్కి బ్రిస్టల్‌కో, నాంట్‌కో వెళ్ళింది. కిందికి కారినదాంట్లో చాలా భాగం రమ్ బట్టీకి పోయింది. కొంత బానిసల తిండిలోకి వచ్చింది. టూలమ్ ఈ వాటాలోంచి పుట్టిన మిఠాయి.

మొలాసిస్‌లో చక్కెర లేదని కాదు. దానిలో మూడో వంతు దాకా సుక్రోజే. అయినా ఎంత కాచినా, ఎంత కలిపినా మొండికేస్తుంది. స్ఫటికం అంటే ఒకే కొలత ఇటుకలు వరుస తప్పకుండా పేర్చిన గోడ లాంటిది. మధ్యలో వేరే కొలత ఇటుకలు వచ్చి పడితే వరుస సాగదు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అణువులు చేసేది ఇదే, వాటికి తోడు పొటాషియం లాంటి లవణాలు, చెరకు బంక పదార్థాలు ఉండనే ఉన్నాయి. సుక్రోజ్ అణువులు చిక్కటి ద్రవంలోనే ఇరుక్కుపోతాయి. టూలమ్ సాగేది అందుకే. కొబ్బరి తురుమును మొలాసిస్‌లోనో, నల్లటి చక్కెర పాకంలోనో ముద్దయ్యేదాకా ఉడికించి, కాస్త చల్లారాక చేతులు కాలుతున్నా ఉండలు చుడతారు. పూర్తిగా చల్లారిందంటే ఉండ కాదు.

గాలిలో తేమకు కూడా ఈ రెండు మిఠాయిలు రెండు రకాలుగా స్పందిస్తాయి. గాలిలో తేమ 85 శాతం దాటితే గానీ సుక్రోజ్ స్ఫటికం నీరు పీల్చి కరగదు. ఫ్రక్టోజ్‌కి 62 శాతం చాలు. సముద్రపు గాలి ఏడాది పొడవునా ఆ రెండు అంకెల మధ్య ఎక్కడో ఆడే చోట షుగర్ కేక్ పొడిగానే ఉంటుంది, టూలమ్‌కి చెమట పడుతుంది.

ఈ మిఠాయిలకు చక్కెర, మొలాసిస్ ఇచ్చిన చెరకు మిల్లులు చాలావరకు ఇప్పుడు లేవు. ట్రినిడాడ్ ప్రభుత్వ చక్కెర సంస్థ కరోనీ 2003లో మూతపడింది, సెయింట్ కిట్స్ దీవి 2005లో చక్కెర తయారీ పూర్తిగా మానేసింది. ట్రినిడాడ్ రమ్‌కి మొలాసిస్ ఇప్పుడు బయటి దేశాల నుంచి వస్తోంది.

మళ్ళీ పాకం దగ్గరికి వస్తే, పేరుకోవడాన్ని ఆపడానికి పులుపు కూడా పనికొస్తుంది. గులాబ్ జామ్ పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండేది సుక్రోజ్‌లో కొంత విడిపోయి పాకం పంచదార కట్టకుండా ఉండటానికే. చింతపండు ఉండల సంగతి కాస్త వేరు. జమైకాలో, ట్రినిడాడ్‌లో, గయానాలో వీటిని ఇష్టపడని పిల్లలుండరు. పొయ్యితో పని లేదు. గింజ తీసిన గుజ్జును పంచదారతో నలుపుతారు, అంతే. ట్రినిడాడ్ వాళ్ళు ఉప్పు, మిరపకాయ, ఒక్కోసారి వెల్లుల్లి కూడా వేస్తారు. నలుపుతున్నకొద్దీ ముద్ద పలచబడుతుంది, ఎందుకంటే పంచదార గుజ్జులోని నీటిని బయటికి లాగేస్తుంది. కొత్తగా చేసేవాళ్ళు కంగారుపడేది ఇక్కడే. పంచదార ఇంకా ఇంకా చేర్చాలి. ఉన్న నీరంతా చక్కెరకే సరిపోయాక బూజుకి, బాక్టీరియాకి తాగడానికి చుక్క మిగలదు. పైగా టార్టారిక్ ఆమ్లం. ఫ్రిజ్ లేకుండా వారాలు నిలవుంటాయి.

జామపండు ముద్దను అక్కడ గువా చీజ్ అంటారు. అందులో పాలు, జున్ను ఏవీ ఉండవు. క్యూబాలో, ప్యూర్టోరికోలో ఇదే ముద్దను నిజంగా చీజ్ ముక్కతో కలిపి తింటారు. దాన్ని గట్టిపరిచేది జామలోని పెక్టిన్. పెక్టిన్ పోగులకు రుణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పండులోని పులుపు ఆ ఆవేశాన్ని తగ్గిస్తుంది, పంచదార మధ్యలో ఉన్న నీటిని లాగేసుకుంటుంది. అప్పుడు పోగులు ఒకదానికొకటి అల్లుకుని వలగా మారతాయి. పులుపు, తీపి, పెక్టిన్ మూడూ తగిన పాళ్ళలో ఉంటేనే ఇది కుదురుతుంది. బాగా మగ్గిన పండులో పెక్టిన్ అప్పటికే విరిగిపోయి ఉంటుంది కనుక దోరకాయలు కొన్ని కలపడం మంచిది.

క్రిస్మస్ బ్లాక్ కేక్ దగ్గరికి వస్తే చక్కెరను పేరుకోనివ్వకపోవడం కాదు, ఏకంగా పాడుచెయ్యడమే లక్ష్యం. ఇది ఇంగ్లీషువాళ్ళ ప్లమ్ పుడ్డింగ్ వంశం. ఎండుద్రాక్ష, ప్రూన్లు, చెర్రీలు సన్నగా తరిగి రమ్‌లో, తియ్యటి వైన్‌లో నెలల తరబడి నానబెడతారు. కొన్ని ఇళ్ళలో ఆ సీసా ఏడాది పొడవునా ఖాళీ అవదు. మామూలు రమ్‌లో ఆల్కహాల్ 40 శాతం. జమైకాలో బాగా అమ్ముడయ్యే తెల్ల ఓవర్‌ప్రూఫ్ రమ్‌లో 63. ఆ ఘాటులో సూక్ష్మజీవి బతకదు. పండ్లలో, దాల్చినచెక్కలో ఉండే సువాసన పదార్థాల్లో చాలావాటికి నీటికంటే ఆల్కహాల్ అంటేనే మక్కువ కాబట్టి అవి మెల్లగా రమ్‌లోకి దిగుతాయి.

కేకుకి ఆ నలుపు మాత్రం పండ్ల వల్ల వచ్చేది కాదు. దానికి బ్రౌనింగ్ చేస్తారు. మందపాటి గిన్నెలో పంచదార ఒక్కటే వేసి, నీళ్ళు లేకుండా వేడి చేస్తారు. 160 డిగ్రీలు దాటాక అంచుల్లో కరగడం మొదలవుతుంది. తేనె రంగు వస్తుంది, తరవాత రాగి రంగు, అప్పుడు వచ్చే వాసనకి ఎవరైనా ఆపెయ్యాలనుకుంటారు. ఆపకూడదు. సుక్రోజ్ ముక్కలై, ఆ ముక్కలు నీటిని వదిలేసి, ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్ద గోధుమరంగు అణువులవుతాయి. తేలికైన ముక్కలు గాలిలోకి లేస్తాయి. వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్, కాల్చిన రొట్టె వాసన ఇచ్చే మాల్టాల్ వాటిలోవే. తీపి తగ్గుతూ చేదు ఎక్కుతుంది. పొగ లేచి, నురగ కట్టి, ముద్ద దాదాపు నల్లబడిన క్షణంలో దించి మరుగునీళ్ళు పోస్తారు, అదీ చెయ్యి దూరంగా చాచి. నీరు మరిగేది 100 దగ్గర, గిన్నెలో ఉన్నది దానికి రెట్టింపు వేడి, పోసింది పోసినట్టే ఆవిరై చిమ్ముతుంది. ఈ చేదు లేకపోతే బ్లాక్ కేక్ మామూలు తీపి ముద్దే. బజారులో సీసాల్లో అమ్మే బ్రౌనింగ్‌తో రంగు వస్తుంది గానీ ఆ పొగ వాసన సరిగ్గా రాదని నా అభిప్రాయం.

మళ్ళీ తోటల దగ్గరికి వస్తే, బ్రిటిష్ కాలనీల్లో బానిసత్వం మీద నిషేధం 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది, పూర్తి విడుదల 1838లో జరిగింది. తోటల యజమానులు కూలీల కోసం మన దేశం వైపు చూశారు. ఒప్పందపు కూలీల మొదటి ఓడలు 1838 మే 5న బ్రిటిష్ గయానా చేరాయి. ఫతేల్ రజాక్ అనే ఓడ 1845 మే 30న ట్రినిడాడ్ చేరింది. 1917 దాకా ఒక్క ట్రినిడాడ్‌కే లక్షా నలభై వేలకు పైగా మనుషులు వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవులో ఎక్కిన భోజ్‌పురి వాళ్ళు. మద్రాసు నుంచి వెళ్ళిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఫ్రెంచి దీవులు గ్వాడలూప్, మార్టినిక్‌లకు దక్షిణాది వాళ్ళే ఎక్కువ వెళ్ళారు. ట్రినిడాడ్, గయానాల్లో మిఠాయిల మీద నిలిచిన ముద్ర మాత్రం భోజ్‌పురిదే.

వాటిలో నాకు బాగా ఆసక్తిగా తోచేది కుర్మా. పేరు చూసి కూర అనుకునేరు. మైదాలో వెన్న, అల్లం కలిపి, ఒత్తి, వేలెడు పుల్లలుగా కోసి వేయించి, అల్లం పాకం పోసి కలుపుతారు. దీపావళి ట్రినిడాడ్‌లో జాతీయ సెలవు. ఆ రోజు వేరే మతాలవాళ్ళ ఇళ్ళలో కూడా కుర్మా పొట్లం కనిపిస్తుంది. ఇక్కడ పాకం పేరుకోవాలి. పేరుకోకపోతే పుల్లలన్నీ అతుక్కుని ముద్దవుతాయి. తీగ పాకం పోసి, తెల్లబడేదాకా ఆపకుండా తిప్పుతారు. తిప్పడం ఆపితే పాకం అడుగుకి జారిపోతుంది. ఈ పాకంలో నిమ్మరసం పిండితే పని చెడుతుంది. ఆ తెల్లటి పూతకి మరో ప్రయోజనం ఉంది. గాలిలో తేమ 85 శాతం దాటేదాకా అది చెమ్మగిల్లదు కాబట్టి లోపలి పుల్ల కరకరలాడుతూనే ఉంటుంది.

చక్కెర, కొబ్బరి, చింత, మైదా అన్నీ ఓడల్లో వచ్చినవే. కర్రపెండలం మాత్రం వాటన్నిటికంటే ముందు నుంచీ అక్కడ ఉంది. కొలంబస్ రాకముందే అక్కడి టైనో ప్రజలకు అది ప్రధాన ఆహారం. మన పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం తీసేది ఈ దుంపలోంచే. దీనితో చేసే పోన్ కరీబియన్ అంతటా ఉంది. పచ్చి దుంప తురుము, కొబ్బరి, పంచదార, జాజికాయ, కొన్నిచోట్ల గుమ్మడికాయ కలిపి పొయ్యిలో కాలుస్తారు. సంప్రదాయ పద్ధతిలో గుడ్డు ఉండదు, పిండీ అక్కర్లేదు.

దుంపలో విషం ఉంది. లినమారిన్ అనే పదార్థం కణం లోపలి సంచుల్లో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము కణం గోడలో ఉంటుంది. పురుగు కొరికినప్పుడు రెండూ కలిసి హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. ఇది మొక్క ఆత్మరక్షణ. తురమడం అంటే ప్రతి కణాన్నీ పురుగు కొరికినట్టే. ఎంజైము తన పని చేస్తుంది, పుట్టిన సయనైడ్ 26 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి గాలిలోకి, ఆవిరిలోకి పోతుంది. తురమకుండా పెద్ద ముక్కలను సరాసరి మరుగునీళ్ళలో వేస్తే ఎంజైము ముందే చచ్చిపోయి విష పదార్థం దుంపలోనే మిగలొచ్చు. తీపి రకం దుంప అనిపించుకోవాలంటే కిలోకి 50 మిల్లీగ్రాముల లోపు సయనైడ్ ఉండాలని అంతర్జాతీయ ఆహార ప్రమాణం. పోన్‌కి వాడేది ఆ రకమే. చేదు రకం కోసం గయానా ఆదివాసులు మటాపి అనే పొడవాటి అల్లిక గొట్టాన్ని వాడతారు. తురుము కూరి, పైకొస వేలాడదీసి, కిందికొసను బరువుతో లాగుతారు. అల్లిక పొడుగు సాగినకొద్దీ సన్నబడి లోపలి రసాన్ని పిండేస్తుంది. ఆ విషపు రసాన్ని కూడా పారబొయ్యరు, నల్లగా చిక్కబడేదాకా మరిగించి కాసరీప్ అనే వంట సారం చేస్తారు.

జమైకాలో చిలగడదుంప పుడ్డింగ్‌ని పాత పద్ధతిలో బొగ్గుల మీద చేస్తారు. గిన్నె కింద నిప్పులు, మూతగా వేసిన రేకు మీద నిప్పులు. పైన నరకం, కింద నరకం, నడుమ హల్లెలూయా అని అక్కడి సామెత. ఈ నిదానపు మంట దండగ పని కాదు. చిలగడదుంపలో పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మార్చే ఎంజైము ఉంది. పచ్చి పిండి రేణువుల జోలికి అది పెద్దగా పోదు. 60 డిగ్రీలు దాటి రేణువులు ఉబ్బితేనే దానికి పని దొరుకుతుంది. 75 దాటాక అదే చచ్చిపోతుంది. ఆ పదిహేను డిగ్రీల మధ్య దుంప ఎంత ఎక్కువసేపు ఉంటే అంత తియ్యబడుతుంది. మైక్రోవేవ్‌లో నిమిషాల్లో దాటించేస్తే ఆ తీపి రాదు. మాల్టోజ్ తీపి పంచదార తీపిలో మూడో వంతే కనుక జమైకావాళ్ళు పంచదార వెయ్యకుండా మాత్రం ఉండరు.

పోన్‌కి కూడా గంటకు పైగా పొయ్యి కావాలి. అందుకు కారణం చక్కెరే. పిండి రేణువు ఉబ్బాలంటే నీరు కావాలి. పంచదార ఆ నీటిని ముందే పట్టుకుని కూర్చుంటుంది. అందుకే తీపి ఎక్కువైనకొద్దీ రేణువు ఇంకా ఎక్కువ వేడికి గానీ లొంగదు. పొయ్యిలోంచి తీసినప్పుడు పోన్ ఇంకా జావలా కదులుతుంటే చాలామంది ఉడకలేదనుకుంటారు. అప్పుడే కత్తి పెడితే ముక్క నిలవదు. చల్లారుతుంటే ఉబ్బిన పిండి అణువులు మళ్ళీ దగ్గరికి జరిగి, వరుసకట్టి, తమ పద్ధతిలో తామూ పేరుకుంటాయి. మర్నాటికి చక్కగా కోతకి వస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే ఈ పేరుకోవడం వేగం పుంజుకుని ముక్క బిరుసెక్కుతుంది. కాస్త వెచ్చబెడితే మెత్తబడుతుంది.